బ్రూక్లిన్‌లో జిల్యో ఉత్సవం ఎందుకు జరుపుకుంటారు?

అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ సంతతివారు తమ వారసత్వాన్ని సామూహికంగా ఎలా జరుపుకుంటారన్న ప్రశ్నకు, న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్ ప్రాంతంలో ఏటా జులైలో జరిగే జిల్యో (ఇటాలియన్‌లో ‘లిల్లీ పువ్వు’) ఉత్సవం మంచి ఉదాహరణ. ఇటలీలో నేపుల్స్ సమీపంలోని నోలా పట్టణం నుంచి వలస వచ్చినవారు దీనిని 1903లో ఇక్కడ ప్రారంభించారు.

వాండల్ అనే ప్రాచీన జర్మానిక్ జాతివారు బందీగా పట్టుకుపోయిన ఒక వితంతువు కుమారుని విడిపించడానికి నోలా బిషప్ పౌలీనస్ తానే బానిసగా వెళ్లాడని, ఆయన తిరిగివచ్చినప్పుడు నోలా ప్రజలు లిల్లీ పూలతో స్వాగతం పలికారని ఐతిహ్యం. ఆ పూలకు గుర్తుగా నిలబెట్టే సుమారు 70 అడుగుల గోపురాన్ని, దానిపై ఉన్న వాద్యబృందంతో సహా, వందమందికి పైగా పురుషులు భుజాలపైకి ఎత్తుకుని, ‘కాపో’ అనే నాయకుని ఆజ్ఞలకు అనుగుణంగా, సంగీతానికి అడుగులు కలుపుతూ వీధిలో మోసుకువెళ్తారు. మన రథాలకున్నట్లు దీనికి చక్రాలు ఉండవు. నోలాలోని మూల ఉత్సవాన్ని యునెస్కో 2013లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

వంటకాల దుకాణాలు ఎక్కువమందిని ఆకర్షించినా, నా దృష్టిలో ఈ ఉత్సవానికి ప్రాణం మోతగాళ్లే. అనేక కుటుంబాలలో ఆ బాధ్యత తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుంది, వేరే ప్రాంతాలకు తరలిపోయినవారు సైతం గోపురం మోయడానికి పాత వాడకు తిరిగివస్తారు.