టీ-రెగ్ చంపదు, నోటికాడి కూడు లాక్కుంటుంది

"సొంత శరీరంపై తిరగబడే టి కణాలను లింఫ్ నోడ్‌లో టీ-రెగ్‌లు చంపేస్తాయా?" అని అడిగారు. టీ-రెగ్‌లంటే రెగ్యులేటరీ టి కణాలు, మిగతా టి కణాలను అదుపులో పెట్టేవి. 2025 నోబెల్ వార్తల్లో వాటిని సెక్యూరిటీ గార్డులన్నారు కదా, అనుమానం సహజమే. కానీ అవి ఎక్కువగా చేసేది నోటికాడి కూడు లాక్కోవడం.

మెడలోని ఒక లింఫ్ నోడ్‌నే, అంటే రోగనిరోధక కణాలు కలుసుకునే గ్రంథినే తీసుకోండి. డెండ్రైటిక్ కణం పని ప్రోటీన్ ముక్కలను టి కణాలకు చూపించడం; ఇక్కడది చర్మం నుంచి తెచ్చిన మన ప్రోటీన్ ముక్కనే చూపిస్తూ ఉంటుంది. తిరగబడే టి కణాలను ఏరిపారేసే థైమస్ గ్రంథి జల్లెడలోంచి జారిపోయిన టి కణం ఒకటి దానికి అతుక్కుని, కొన్ని గంటల్లో ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్ వదులుతుంది. ఆ కణం పెరగడానికి తానే వండుకునే తిండి ఇది. ఐఎల్-2ను గట్టిగా పట్టుకునే సీడీ25 అనే గ్రాహకం మాత్రం ఆ కణం ఒంటిమీద ఇంకా సరిగా రాలేదు. టీ-రెగ్‌ల మీద సీడీ25 ముందునుంచీ దండిగా ఉంటుంది. పైగా వాటికి ఐఎల్-2 వండుకోవడం రాదు, పక్కవాళ్ల వంట మీదే బతకాలి. ఎలుకల నోడ్‌లను మైక్రోస్కోపులో చూస్తే సరిగ్గా ఇలాంటి చోటే గుమిగూడి ఉంటాయి. తిరగబడిన కణం ఎంత వండితే ఇవి అంత బలుస్తాయి.

ఇంకోవైపు, టీ-రెగ్ తన సీటీఎల్‌ఏ-4 అనే ప్రోటీన్‌తో డెండ్రైటిక్ కణం మీది సీడీ80, సీడీ86 ప్రోటీన్లను పీకి లోపలికి మింగేస్తుంది. ముక్కను గుర్తుపట్టడం టి కణానికి మొదటి సంకేతం; ఆ ప్రోటీన్లు లేకపోతే దాని మీది సీడీ28 గ్రాహకం ద్వారా రావలసిన రెండో సంకేతం రాదు. ముక్కను గుర్తుపట్టినా మొద్దుబారిపోతుంది.

ఒంటిమీద సీడీ4 గుర్తున్న టి కణాల్లో టీ-రెగ్‌ల వాటా 5–10 శాతమే. నన్నడిగితే ఎన్ని ఉన్నాయన్నదానికన్నా ఎక్కడ నిలబడ్డాయన్నదే ముఖ్యం. అందుకే రక్తంలో టీ-రెగ్ శాతం చూసి తీర్పులివ్వడం నాకు నచ్చదు. ఆ లెక్కయినా సరిగా వేస్తారా అంటే, సీడీ4, సీడీ25లకు అంటుకునే రెండు రంగుల యాంటీబాడీలతో సరిపెట్టేస్తారు! మనుషుల్లో ఉత్తేజితమైన మామూలు టి కణం మీదా సీడీ25 వస్తుంది, టీ-రెగ్‌ల గుర్తుగా చూసే ఫాక్స్‌పీ3 ప్రోటీన్ కూడా కొంతకాలం కనిపిస్తుంది. టీ-రెగ్‌ల మీద సీడీ127 అనే ఇంకో ప్రోటీన్ తక్కువ; అది తక్కువగా ఉందో లేదో చూసి తీరాలి. ఫాక్స్‌పీ3 ఉండేది కేంద్రకంలో. కణాన్ని రసాయనంతో బిగుసుకుపోయేలా (ఫిక్స్) చేసి, పొరలకు రంధ్రాలు చేస్తేనే యాంటీబాడీ అక్కడికి చేరుతుంది, ఆ కణం ఇక బతకదు. బతికున్నవి కావాలంటే సీడీ25 ఎక్కువ, సీడీ127 తక్కువ ఉన్నవాటిని ఏరుకోవాలి.

ఇంట్లో ఎవరైనా మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఇపిలిముమాబ్ అనే మందు తీసుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి. ఆ మందు అడ్డుకునేది ఈ సీటీఎల్‌ఏ-4నే, దాంతో టి కణాలు సొంత పేగు మీదే తిరగబడవచ్చు. విరేచనాలు మొదలైతే తిన్నది పడలేదనుకుని విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర మింగి కూర్చోవద్దు. పేగుకు చిల్లు పడేదాకా పోవచ్చు. ఆ రోజే ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి, స్టెరాయిడ్లు మొదలుపెట్టాల్సి రావచ్చు.