1ని బేసి హారాల భిన్నాల మొత్తంగా రాయడం

లవం 1గా ఉండి, హారాలన్నీ 1 కాని వేర్వేరు బేసి సంఖ్యలైన భిన్నాలను కూడి 1 రాబట్టవచ్చా, వచ్చేట్లయితే కనీసం ఎన్ని భిన్నాలు కావాలి అని మీరు అడిగారు. రాబట్టవచ్చు, కనీసం తొమ్మిది కావాలి. ఒలింపియాడ్ పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలకు లెక్కలు చెప్పే రోజుల్లో ఈ ప్రశ్నతో చాలాకాలం గడిపాను కనుక, జవాబుతో పాటు దానిని చేరుకున్న దారిని కూడా వివరిస్తాను.

సరి హారాలు కూడా ఉండవచ్చంటే పని సులువు. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు 1/2 + 1/3 + 1/9 + 1/18 వంటి మొత్తాలను ఎన్ని పదాలతోనైనా ఇచ్చే సూత్రం చెప్పాడు (ఆయన గణిత గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు). బేసి హారాలకు వచ్చేసరికి, మిగిలినదానిలో ఇమిడే అతి పెద్ద భిన్నాన్ని తీసుకుంటూ పోదామని అందరికీ తోస్తుంది. అలా పోతే 1/3, 1/5, 1/7, 1/9, 1/11 తరవాత 1/13, 1/23, 1/721 వస్తాయి. ఆపైన హారాలు చేతిలెక్కకు లొంగవు. ఒక ప్రధాన సంఖ్య ఒకే ఒక్క హారాన్ని భాగిస్తే అది మొత్తం తాలూకు హారంలో కొట్టుపోకుండా మిగిలిపోతుంది కాబట్టి, 13నో 23నో తెచ్చుకున్నామంటే దాని గుణిజం ఇంకొకటైనా తెచ్చుకోక తప్పదు. అందుచేత చిన్న ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని ముందే ఎంచుకుని, దాని భాజకాలు కొన్నింటిని కూడి ఆ లబ్ధాన్నే రాబట్టడం మంచి మార్గం; ఒక్కో భాజకాన్ని ఆ లబ్ధంతో భాగిస్తే లవం 1గా గల భిన్నం వస్తుంది, వాటి మొత్తం 1 అవుతుంది.

మొదట 945 తీసుకున్నాను. అది కాక మిగిలిన దాని భాజకాలు పదిహేను, వాటి మొత్తం 975. అదనంగా ఉన్న 30ని 15, 9, 5, 1 తీసేసి సరిచేస్తే 3, 5, 7, 9, 15, 21, 27, 35, 45, 135, 315 హారాలుగా పదకొండు భిన్నాలు వస్తాయి. తొమ్మిదికి దిగాలంటే ఆరు భాజకాలు తీసేయాలి. అతి చిన్న ఆరింటి మొత్తమే 40 కనుక 945తో అది కుదరదు.

అప్పుడు 11ను కలుపుకొని 3465 వైపు వెళ్లాను. 3, 5, 7, 9, 11, 15 హారాలుగా గల ఆరు భిన్నాల మొత్తం 3274/3465. ఇంకా కావలసింది 191/3465. అంటే 3465 భాజకాల్లో అంతవరకు వాడని మూడింటి మొత్తం 191 కావాలి. 99 + 77 + 15 సరిపోతుంది, దానివల్ల 1/35, 1/45, 1/231 వస్తాయి. 165 + 21 + 5, 165 + 15 + 11, 105 + 77 + 9 కూడా సరిపోతాయి. ఇంత పెద్ద ప్రశ్న 191ని మూడు ముక్కలు చేయడం దగ్గరికి వచ్చి ఆగడం నాకు ఈ లెక్క మొత్తంలో అత్యంత ఇష్టమైన ఘట్టం.

ఇక తొమ్మిదికన్నా తక్కువ ఎందుకు కుదరదో చూద్దాం. హారాల క.సా.గు.తో గుణిస్తే బేసి సంఖ్యలు కలిసి బేసి సంఖ్య కావాలి కనుక పదాల సంఖ్య కూడా బేసి అయి తీరుతుంది. అయిదు పదాలతో గరిష్ఠ మొత్తం 3043/3465 మాత్రమే; మూడింటితో అది ఇంకా తక్కువ. ఏడు పదాల విషయంలో, 11 లేకపోతే అతి చిన్న హారాలు 3, 5, 7, 9, 13, 15, 17 కాబట్టి మొత్తం 0.99ని చేరదు. 11 ఉంటే దానికి తోడుగా 33 గానీ అంతకన్నా పెద్ద గుణిజం గానీ ఉండాలి కనుక, 3, 5, 7, 9, 11, 13, 33 తీసుకున్నా మొత్తం 0.986 లోపే ఆగిపోతుంది.