టెర్మినల్ అంత్యస్థానమా?

సందేహం: విస్తరిస్తున్న మహానగరానికి రైలు సరకుల కోసం కొత్త టెర్మినళ్లు ఎక్కడ, ఎలా నిర్మించాలో చెప్పే వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘టెర్మినల్’కు ‘అంత్యస్థానం’ అనవచ్చునా? ‘సరకు’, ‘సరుకు’ – ఏది సాధువు? (ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు)

సమాధానం: ‘అంత్యస్థానం’ వద్దండి. లాటిన్‌లో ‘టెర్మినస్’ అంటే పొలిమేర, ఎల్ల. ఆ మూలాన్ని మాత్రమే చూసి చేసిన అనువాదమిది. పట్టాలు ఆగిపోయే ప్రయాణికుల స్టేషనుకు అది కొంత నప్పవచ్చు కానీ, సరకుల టెర్మినల్‌లో ప్రయాణం ముగియదు, వాహనం మారుతుంది. వ్యాగన్లలో వచ్చిన ఎరువులు, సిమెంటు అక్కడ లారీలకెక్కుతాయి. లారీలలో వచ్చినవి వ్యాగన్లకెక్కుతాయి. మన రేణిగుంటనే చూడండి. 2020లో పాల ట్యాంకర్లతో ప్రత్యేక రైళ్లు అక్కడి నుంచి ఢిల్లీకి బయలుదేరాయి. ఆ రైళ్లకు రేణిగుంట తొలి మజిలీ; దానిని అంత్యస్థానమంటే అర్థమే తలకిందులవుతుంది. పైగా మీ వ్యాసం నగర ప్రణాళికకు సంబంధించినది. టెర్మినల్ అంటే రైలు ఆగిపోయే చోటు అనుకున్న పాఠకుడికి, 58 వ్యాగన్ల రేక్ (ఒకటిగా కూర్చిన వ్యాగన్ల వరుస) మొత్తం నిలవడానికి సుమారు 700 మీటర్ల పట్టా, పక్కనే గిడ్డంగులు, లారీలు నిలిచే ఆవరణ, ఊరి నడుమ నుంచి పోనవసరం లేని రోడ్డు ఎందుకు కావాలో బోధపడదు.

‘గూడ్సు షెడ్డు’ జనం నోట బతికి ఉన్న మాట, పాత షెడ్ల ప్రస్తావన వచ్చిన చోట దానినే వాడండి. కంటెయినర్లను దించే కొత్త ఏర్పాటుకు మాత్రం అది చాలదు. 2021 డిసెంబరులో రైల్వే శాఖ తెచ్చిన విధానంలోనూ ‘గతిశక్తి కార్గో టెర్మినల్’ అనే పేరే ఉంది కాబట్టి, ‘సరకు రవాణా టెర్మినల్’ అనడమే నాకు సమ్మతం. బహువచనం ‘హోటళ్లు’ వలె ‘టెర్మినళ్లు’ అవుతుంది.

ఇక ‘సరకు’ పాత రూపం. ‘లక్ష్యపెట్టు’ అనే అర్థంలో కావ్యభాషలో కనిపించే ‘సరకుగొను’ కూడా ఈ మాటతో ఏర్పడిందే. చివరి ఉకార ప్రభావంతో నడిమి అచ్చు మారి ‘చెఱకు’ ‘చెరుకు’ అయినట్లే, ‘సరకు’ ‘సరుకు’ అయింది. రెండూ వాడుకలో ఉన్నాయి, రెండవది తప్పు కాదు. నేను మొదటిదే రాస్తాను. మీరు ఏది ఎంచుకున్నా వ్యాసమంతా ఒకటే ఉంచండి. ‘రేక్’ను మాత్రం ‘రేకు’ అని రాయకండి. ‘రేకులు దిగాయి’ అని చదివినవారికి ఇంటి కప్పు రేకులే స్ఫురిస్తాయి.