హారర్ వీడియో గేమ్‌ను సినిమాగా తీయడానికి ఈమెయిల్ సమ్మతి చాలునా?

ప్రశ్న: మాది దేవరకొండ. విదేశంలో ఒక వ్యక్తి ఒంటరిగా తయారు చేసిన హారర్ గేమ్ ఆధారంగా మిత్రులం కలిసి ఓటీటీ కోసం సినిమా తీయాలనుకుంటున్నాం. మూతపడిన ఆసుపత్రిలో రాత్రి కాపలా కాసే మనిషికి పాత టేపులు ఒక్కొక్కటే దొరకడం, లైటు ఆర్పినప్పుడు మాత్రమే దెయ్యం కదలడం అందులో ప్రత్యేకం. మేము ఆసుపత్రికి బదులు నల్లగొండ దగ్గర మూతపడిన జిన్నింగ్ మిల్లును పెట్టి, పేర్లన్నీ మార్చాం. తయారీదారుకు మెయిల్ పంపితే ‘తీసుకోండి, నా పేరు వేస్తే చాలు’ అని జవాబిచ్చారు. ఇది సరిపోతుందా? అన్నీ మార్చాక అసలు అనుమతి అవసరమా?

జవాబు: మీ రెండో సందేహాన్ని ముందుగా తీసుకుంటాను. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవానికి కాపీరైటు ఉండదని 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాడుబడిన భవనం, రాత్రి కాపలా, చీకట్లో తిరిగే దెయ్యం ఎవరి సొత్తూ కావు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక పగలంతా నిలిచి ఉండే నీడను చూసి మీరు సొంతంగా ఒక కథ అల్లుకుంటే ఎవరినీ అడగనక్కర లేదు. (నన్నడిగితే, అదే మంచి సినిమా అవుతుంది.) అయితే, రెండింటినీ చూసిన ప్రేక్షకుడికి ఇది దాని నకలేనని నిస్సందేహంగా అనిపిస్తే ఉల్లంఘన జరిగినట్లేనని కూడా ఆ తీర్పే చెప్పింది. టేపులు దొరికే వరుస, ఒక్కో టేపుతో బయటపడే రహస్యం, లైటుకూ దెయ్యం కదలికకూ ఉన్న ముడి, ముగింపు, ఇవన్నీ మీ స్క్రిప్టులో యథాతథంగా ఉంటే ఆసుపత్రి మిల్లుగా మారినంత మాత్రాన కథ మీది కాదు. పైగా మీరు అనుమతి కోరుతూ పంపిన మెయిల్, ఆ గేమ్ గురించి మీకు ముందే తెలుసనడానికి చెరగని సాక్ష్యం. ఇప్పుడు ‘మాకు మేముగా అనుకున్నాం’ అనే వాదనకు తావు లేదు. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, నాన్ బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. గేమ్ విదేశీయులదనే ధీమా కూడా పనికిరాదు. కాపీరైటుకు సంబంధించిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలోని దేశాల రచనలకు మన చట్టం ఇక్కడి రచనలతో సమానంగా రక్షణ ఇస్తుంది.

ఇక మెయిల్ సంగతి. రచనను సినిమాగా తీసే హక్కు 14వ సెక్షన్ ప్రకారం హక్కుదారుదే. ఆయన లైసెన్సును రాతపూర్వకంగా ఇవ్వాలని 30వ సెక్షన్ అంటుంది. ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రాతను గుర్తిస్తుంది కాబట్టి ఆ జవాబును లైసెన్సుగా వాదించే అవకాశం లేకపోలేదు. కానీ అందులో ప్రతిఫలం, గడువు, ప్రాంతం ఏవీ లేవు. గడువు చెప్పకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితంగా భావించాలని కాపీరైటు చట్టంలో హక్కుల బదిలీ గురించిన 19వ సెక్షన్ నిర్దేశిస్తుంది. 30ఎ సెక్షన్ ద్వారా ఈ నియమాలు లైసెన్సులకూ వర్తిస్తాయి. అంటే మీ సినిమాను అమెరికాలోని తెలుగువారికి చూపే హక్కు ఆ మెయిల్‌తో రాదు. మరో మెలిక కూడా ఉంది: వేరే విధంగా రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కు రద్దయినట్లే లెక్క. ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ అనే గేమ్ 2014లో వచ్చింది. 2015లో ఒక సంస్థ దాన్ని సినిమాగా తీస్తానని ప్రకటించింది, తర్వాత అది మరో సంస్థ చేతికి వెళ్లింది, చివరికి 2023లో థియేటర్లకు చేరింది. పెద్ద సంస్థల ప్రాజెక్టుకే అంత కాలం పట్టినప్పుడు మీరు ఏడాది గడువును నమ్ముకోవడం సాహసమే.

ఇంతకన్నా లోతైన చిక్కు, ఆ తయారీదారు చేతిలో ఏయే హక్కులు ఉన్నాయన్నది. ఒంటరిగా గేమ్ చేసేవారు దెయ్యం త్రీడీ మోడల్‌ను, గోడల టెక్స్చర్లను, తలుపు కిర్రుమనే చప్పుడును ఆన్‌లైన్ అసెట్ స్టోర్లలో కొనుక్కోవడం మామూలే. ఆ లైసెన్సు ఏయే వాడకాలకు వర్తిస్తుందో, దాన్ని ఇతరులకు ఇవ్వవచ్చునో లేదో చూడకుండా అదే రూపాన్ని తెర మీదకు తేకూడదు. టేపుల్లో వినిపించే గొంతు అద్దె కళాకారుడిది కావచ్చు, నేపథ్య సంగీతం మరొకరిది కావచ్చు. గేమ్‌ను అమ్మే పబ్లిషర్‌తో ఒప్పందంలో సినిమా హక్కులు ఇప్పటికే రాసిచ్చి ఉంటే ఆయన మీకు చెప్పిన ‘తీసుకోండి’కి విలువే ఉండదు. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్లే, ఓటీటీ సంస్థలు హక్కులు ఎవరి నుంచి ఎవరికి వచ్చాయో కాగితాలన్నీ చూపమంటాయి. సెన్సార్ సర్టిఫికెట్ గానీ, ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ నమోదు గానీ ఆ లోటును పూడ్చవు.

కనుక స్క్రిప్టును ఇక్కడే ఆపి, ఆ తయారీదారుతో సంతకాలతో కూడిన లైసెన్సు ఒప్పందం చేసుకోండి. గేమ్ పేరు, మీకిచ్చే హక్కులు, భాషలు, ప్రపంచవ్యాప్త ప్రదర్శన, గడువు, ఆయనకిచ్చే మొత్తం (వెయ్యి రూపాయలైనా సరే రాయండి), మరొకరికి ఇవ్వనన్న మాట, ఏడాది నియమం వర్తించదన్న వాక్యం అందులో ఉండాలి. పబ్లిషర్ ఒప్పందంలోని సంబంధిత పేజీలను తెప్పించుకుని చదవండి. బయటి నుంచి కొన్న అసెట్ల జాబితాను ఆయన చేతనే రాయించి, వాటికి బదులు మీ కళాకారుల చేత కొత్త రూపాలు గీయించండి. తెర మీద ఆయన పేరు ఎక్కడ, ఎలా పడాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. పేరు వేయించుకునే హక్కును 57వ సెక్షన్ రచయితకు విడిగా ఇచ్చింది. ఒప్పందం విదేశంలో సంతకమై వస్తే, స్టాంపు రుసుము వర్తించే పత్రమైన పక్షంలో అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు చేయించాలి. అందుకని కవరు అందిన తేదీని రుజువు చేసే కొరియర్ రసీదును ఒప్పందంతో పాటే భద్రపరచండి.