గ్లోబల్ లాక్ జోలికి వెళ్లేముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ కంపెనీ కెర్నల్లోని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని) గ్లోబల్ లాక్, అంటే మొత్తం కెర్నల్‌కి కలిపి ఉన్న ఒకే తాళం, తీసేసే పని నీ నెత్తిన పడిందని అక్క చెప్పింది. థ్రెడ్ నిద్రపోతే దానంతటదే వదిలేసే రకం అని నీ మెయిల్లో చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

లినక్స్‌లోని బిగ్ కెర్నల్ లాక్ అచ్చం అలాంటిదే. 1996లో 2.0 వెర్షన్‌తో వచ్చి, 2011లో 2.6.39 దాకా కూర్చుంది. పట్టుకున్న థ్రెడ్డే దాన్ని మళ్లీ పట్టుకోవచ్చు. నిద్రలో జారిపోతుంది, లేచాక తిరిగి చేతికొస్తుంది. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పోనిచ్చే మామూలు లాక్, అంటే మ్యూటెక్స్‌కి ఈ రెండు అలవాట్లూ లేవు. కాబట్టి ఫైండ్-రీప్లేస్ కొట్టేయకు.

ఏమవుతుందో చూడు. ఐఆక్టల్‌లో (ప్రోగ్రాం డ్రైవర్‌కి ఆదేశాలు పంపే కాల్‌లో) మ్యూటెక్స్ పట్టుకుని యూజర్ మెమరీ నుంచి కాపీ చేస్తున్నావు. ఆ పేజీ మెమరీలో లేదు, పేజీ ఫాల్ట్ వచ్చింది, ఇప్పుడు ఆ ప్రాసెస్ మెమరీ పటాన్ని కాసే ఎంమ్యాప్ లాక్ కావాలి. అదే ప్రాసెస్‌లో ఇంకో థ్రెడ్ ఎంమ్యాప్ లాక్ పట్టుకుని డ్రైవర్లోకి వచ్చి నీ మ్యూటెక్స్ కోసం కాచుకుంది. ఇక ఇద్దరూ కదలరు. పాత లాక్ నిద్రలో జారిపోయేది గనక ఈ గొడవ ఇన్నాళ్లూ బయటపడలేదు. 2.6.33లో రైజర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి సొంత మ్యూటెక్స్ పెట్టినప్పుడు, నిద్రపోయే చోట్ల దాన్ని చేత్తో వదిలి మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది.

ముందు లాక్‌ని కిందికి తొయ్యి. అందరూ నడిచే దారిలోంచి తీసి ఒక్కో డ్రైవర్ ఫంక్షన్లో పెట్టు. పనితీరేమీ మారదు, కానీ ఎవరికి నిజంగా కావాలో కనిపిస్తుంది. లినక్స్ వాళ్లు 2.6.11లో లాక్ లేని ఐఆక్టల్ దారి వేరుగా తెరిచి, డ్రైవర్లన్నీ అటు మారాకే, 2.6.36లో పాతది మూసేశారు. ఒక్కో ప్యాచ్‌లో ఒక్కటే మార్పు. రేపు తప్పు ఏ ప్యాచ్‌తో వచ్చిందో బైసెక్ట్ చేసి వెతికేది నువ్వే.

డివైస్‌ని తెరిచే ఓపెన్ ఫంక్షన్ని మాత్రం జాగ్రత్తగా చూడు. డ్రైవర్ని సిద్ధం చేసే ఇనిట్ కూడా అదే లాక్ కింద నడిచేది కాబట్టి, డివైస్ సగం తయారైనా ఎవరూ లోపలికి రాలేకపోయేవారు. ఇప్పుడు వస్తారు. డివైస్‌ని రిజిస్టర్ చేసే లైను ఇనిట్ చిట్టచివరికి మార్చు.

లాక్‌లు పట్టే వరుసలో తప్పుల్ని పట్టిచ్చే లాక్‌డెప్ లాంటి సాధనం మీ దగ్గర లేకపోతే ముందు అది రాయించు. అది లేకుండా ఈ పనికి దిగడం నాకు అసలు నచ్చదు. ప్రతి కొత్త మ్యూటెక్స్ పక్కన అది ఏ డేటాని కాస్తుందో ఒక కామెంట్ పెట్టు. రాయలేకపోతే, అక్కడ పాత లాక్ అలాగే ఉండనీ. ఎప్పుడో ఒకసారి పిలిచే కోడ్‌కి డ్రైవర్ మొత్తానికి ఒకే మ్యూటెక్స్ చాలు, స్పీడ్ కోసం టెన్షన్ పడకు.

మేనేజర్ తేదీ అడుగుతాడు. లాక్ ఎప్పుడు పోతుందో చెప్పకు, ఈ నెల ఏయే ఫైళ్లు అవుతాయో చెప్పు.

మీ మామయ్య