హిందీ సినిమా సంగీత దర్శకుడు మదన్ మోహన్ 1975లోనే చనిపోయారు కదా, 2004 నాటి ‘వీర్ జారా’ సినిమాకి సంగీతం ఆయనది ఎలా అయింది?

అవి ఆయన ఎప్పుడో కట్టి, వాడకుండా మిగిలిపోయిన ట్యూన్లు. ఒక పాటకు సంగీత దర్శకుడు కొన్నిసార్లు నాలుగైదు వరసలు కడతాడు. సినిమాలోకి ఒకటే వెళ్తుంది, మిగతావి టేపుల్లో ఉండిపోతాయి. ‘వీర్ జారా’లోని ‘తేరే లియే’ పాట వరస అలాంటిదే. ‘మౌసమ్’ సినిమాలోని ‘దిల్ ఢూంఢ్‌తా హై’ పాట కోసం కట్టిన వరసల్లో అదొకటి.

ఆ టేపులను కొడుకు సంజీవ్ కోహ్లి భద్రంగా దాచారు. పాతకాలపు మెలోడీ కోసం వెతుకుతున్న ‘వీర్ జారా’ దర్శకుడు యశ్ చోప్రాకు వాటి సంగతి చెప్పింది ఆయనే. వరసలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి, జావేద్ అఖ్తర్ ఆ కొలతకు సరిపోయేలా మాటలు రాశారు. వాద్య సమ్మేళనం మాత్రం కొత్తగా చేయించారు. నాకు అన్నిటికన్నా కష్టంగా కనిపించేది ఇదే. వాయిద్యాలు ఎక్కువైతే వరస మునిగిపోతుంది, మరీ తక్కువైతే పాత రికార్డులా వినిపిస్తుంది. ఇక్కడ ఆ తూకం బాగా కుదిరింది.

మదన్ మోహన్ గజళ్లకు ప్రాణం పోసిన లతా మంగేష్కరే, 75 ఏళ్లకు చేరువైన వయసులో మళ్లీ ఆయన వరసలు పాడారు. ‘తేరే లియే’ వింటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.