పాప క్యాత్ ల్యాబ్‌లోకి వెళ్తానంటే అంత భయమెందుకు?

ప్రశ్న: మా పాప కర్నూలు మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్. పేగుల్లో రక్తం పోయేవాళ్లకు తొడ దగ్గర సన్న గొట్టం పంపి ఆపుతారట, ఆ ఇంటర్వెన్షనల్ రేడియాలజీయే చేస్తానంటోంది. క్యాత్ ల్యాబ్ అనే ఆ గదిలో ఎక్స్‌రే కిరణాల మధ్య పని, రేపు పెళ్లి, పిల్లలు... జీర్ణకోశ వైద్యం (గ్యాస్ట్రో) మేలా? రేడియాలజీ చదివి ఊళ్లోనే స్కానింగ్ సెంటర్ పెట్టుకోమనాలా? – ఒక తండ్రి, ఆదోని

జవాబు: కోర్సు పేరుతో అడిగినా మీ దిగులంతా పెళ్లి మీదే ఉంది. ఇలాంటి ఉత్తరాలు ఆడపిల్లల తండ్రులే రాస్తారు. కొడుకు విషయంలో కిరణాల మాట ఎవరూ ఎత్తరు! సీసం ఏప్రాన్, మెడకు కాలర్ వేసుకునే ఆ పని చేస్తారు. ఎంత రేడియేషన్ తగిలిందో టీఎల్‌డీ బ్యాడ్జీ లెక్క చెబుతుంది. ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. గర్భం సంగతి చెప్పాక కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకూడదు. ఈ పని చేస్తూనే తల్లులైన డాక్టర్లున్నారు. ఏళ్ల తరబడి ఏప్రాన్ మోస్తే నడుం నొప్పి వస్తుంది, అది మగవాళ్లకూ వస్తుంది. ధైర్యంగా ఉండండి.

స్కానింగ్ సెంటరంటే ఇప్పుడందరికీ మోజు. నాకు మాత్రం అనుమానమే. మెషీన్ల అప్పు, గర్భిణుల స్కానింగ్‌కు నింపాల్సిన ఫారం ఎఫ్ రికార్డులు, రోజంతా చీకటి గది. పాప మనసు పడిన పని వేరు. రంగు మందు ఎక్కించగానే రక్తం కారే చోటు తెర మీద నల్లటి మరకలా తేలుతుంది. నిమిషానికి అర మిల్లీలీటరు కన్నా నెమ్మదిగా కారితే అదీ కనిపించకపోవచ్చు. కనిపిస్తే వెంట్రుకంత రక్తనాళంలోకి మైక్రోక్యాథెటర్ అనే అతి సన్న గొట్టం పంపి, నాళాన్ని మూసే తీగచుట్ట (కాయిల్) వదులుతారు. ఎక్కువ మేర మూస్తే పేగు చచ్చుబడుతుంది, తక్కువైతే రక్తం ఆగదు. ఆ ఒడుపు మీద ఇష్టం పెంచుకున్న పిల్లను గర్భిణుల స్కానింగ్‌లకు కట్టేస్తానంటారా? అది మీ కోరిక, ఆమెది కాదు.

గ్యాస్ట్రోతో పోలిక అడిగారు. రెండింటికీ ఎండీ 3 ఏళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ చదువు డీఎం 3 ఏళ్లు. అక్కడ జనరల్ మెడిసిన్ మీదుగా, ఇక్కడ రేడియాలజీ మీదుగా వెళ్లాలి. రక్తస్రావాన్ని ఎక్కువగా ముందు ఎండోస్కోపీతోనే ఆపుతారు, అది గ్యాస్ట్రో వాళ్ల పని. వాళ్ల చేతిలో ఆగనప్పుడు వీళ్లకు ఫోన్ వస్తుంది. అర్ధరాత్రి పిలుపులు ఇద్దరికీ తప్పవు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఇంటర్వెన్షన్ ఇంటి దగ్గర కూర్చుని చేసే పని కాదు. క్యాత్ ల్యాబ్, ఐసీయూ, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రి కావాలి. ఆదోనికి తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఎలాగూ డీఎం సంగతి తేలేది ఎండీ తర్వాతే. ఇప్పుడు పాప ముందున్నది ఎండీ సీటు కోసం రాసే నీట్ పీజీ ఒక్కటే. అది రాసేదాకా ఇంట్లో సంబంధాల మాట ఎత్తకండి.